టార్ట్స్ ఇష్టమే, జిల్లా కోర్టులో ఆ పనికి గిరాకీ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి ఏడాదిలో ఉంది. టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల మరొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం) అంటే బాగా ఇష్టం. కార్పొరేట్ ఉద్యోగం వద్దు, జిల్లా కోర్టులోనే ట్రయల్ పని చేస్తానంటోంది. ఆ పనికి గిరాకీ ఉంటుందా? ముందు ఏం నేర్చుకోవాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: గిరాకీ ఉంది. కాకపోతే కాలేజీలో చదివే సీసాలో నత్త కేసు (పానీయం సీసాలో నత్త వచ్చిందని తయారీదారు మీద వేసిన పాత బ్రిటిష్ దావా) పరీక్ష వరకే. జిల్లా కోర్టులో టార్ట్ అంటే చాలావరకు ఎంవీఓపీ, అంటే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద వేసే రోడ్డు ప్రమాద పరిహారం పిటిషన్. వైద్య నిర్లక్ష్యం కేసులు ఎక్కువగా వినియోగదారుల కమిషన్‌కు పోతాయి. పరువునష్టం దావాలు అరుదు; అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలంటే కక్షిదారు వెనకాడతాడు.

ఈ ఓపీల్లో (పిటిషన్లలో) వాక్చాతుర్యం కన్నా కాగితం, లెక్క ముఖ్యం. 32 ఏళ్ల టైల్స్ మేస్త్రీ ప్రమాదంలో పోయాడనుకోండి. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డవాళ్లు. నెలకు 15,000 సంపాదన రుజువైతే, సుప్రీంకోర్టు 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపి 21,000. నలుగురు ఆధారపడ్డారు గనక సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. సరళా వర్మ తీర్పు (2009) పట్టికలో 31–35 ఏళ్లకు గుణకం (ఏడాది నష్టాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 16. మొత్తం 30,24,000. అంత్యక్రియలు, కన్సార్టియం (అయినవాళ్ల తోడు కోల్పోయినందుకు ఇచ్చేది) లాంటివి దీనికి అదనం.

అదే ఆదాయానికి రుజువు లేక ట్రిబ్యునల్ (ఈ పిటిషన్లు విచారించే కోర్టు) 9,000 అంచనా వేసుకుంటే, అదే లెక్క 18,14,400 దగ్గర ఆగుతుంది. పన్నెండు లక్షల తేడా! ఇన్సూరెన్స్ వకీలు క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) మొదట పట్టుకునేదీ అదే: ‘ఆదాయానికి కాగితమేదీ దాఖలు చేయలేదు కదా?’ భార్య అవునంటుంది. అందుకే ఓపీ వేయకముందే బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే జమలు, భవన నిర్మాణ కార్మికుడి కార్డు తెప్పించాలి. పని ఇచ్చిన కాంట్రాక్టరును హాజరు పుస్తకంతో సహా బోనెక్కించాలి. అతను రాకుండా అతనిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే విలువ అంతంతే.

వయసూ అంతే. 35 దాటి 36 అయితే గుణకం 15, పై లెక్కలో 1,89,000 పోయినట్టే. ఆధార్ కార్డు మీద ఆధారపడొద్దు. వయసుకు స్కూలు సర్టిఫికెట్టే మేలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

గాయాల కేసుల్లో మెలిక వేరు. డాక్టరు 40 శాతం వైకల్యం అని రాసినంత మాత్రాన సంపాదన 40 శాతం పోయినట్టు కాదు. మోకాలు వంగని మేస్త్రీకి నష్టం అంతకంటే ఎక్కువ, కుర్చీలో కూర్చునే గుమాస్తాకు తక్కువ. రాజ్‌కుమార్ కేసులో (2010) సుప్రీంకోర్టు ఈ తేడానే విడమరిచింది. డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయన్ను ఏ వాయిదాకు రప్పించాలన్నది జూనియర్‌కు నిత్యం తలనొప్పి.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ఓపీ వేయాలి. ఆ నిబంధన చెల్లుబాటు మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. మీ అమ్మాయి మాత్రం గడువు ఉన్నట్టే ఫైలు నడపాలి. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, పంచనామా, పోస్టుమార్టం, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, పాలసీ కాపీ చేతికి రాగానే వరసగా చదవాలి. ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం’ అని ఉండి, చాలా రోజుల తర్వాత బండి నంబరు పుట్టుకొచ్చిందంటే క్రాస్ అంతా అక్కడే తిరుగుతుంది. పాలసీ థర్డ్ పార్టీదో (బయటివాళ్ల నష్టానికి మాత్రమే), ప్యాకేజీదో (అంతకన్నా విస్తృతమైనది) కూడా అప్పుడే చూడాలి. బైకు వెనక కూర్చున్నవాడి కేసు దాని మీదే నిలబడుతుంది.

డబ్బు సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు ఇంటి నుంచి సాయం ఉండాల్సిందే. జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది; అది సిఫారసే, నిర్బంధం కాదు. పరిహారంలో ఇంత శాతమని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. బయట అలా బేరాలు జరుగుతాయని అందరికీ తెలుసు, అయినా వాటికి దూరంగా ఉండమనండి. డిగ్రీ రాగానే ఎన్‌రోల్‌మెంట్, ఆపై ఏఐబీఈ (వకీళ్లకు బార్ కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష). మెజిస్ట్రేటు ఆలోచన ఉన్నా ఈ పని వృథా కాదు. ప్రవేశ స్థాయి జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది.

సీనియర్‌ను ఎంచుకునే ముందు ఒక వారం ట్రిబ్యునల్ హాల్లో వెనక బెంచీలో కూర్చోమనండి. సాక్షి తెలుగులో చెబుతుంటే డిపోజిషన్ (నమోదయ్యే వాంగ్మూలం) ఇంగ్లీషులో టైపవుతుంది. ‘రోజుకు ఎనిమిది వందలు, పని ఉన్న రోజు’ అన్న మాటలో చివరి ముక్క జారిపోయినా, లేనిది చేరినా, వెంటనే లేచి సరిచేయించే వకీలు ఎవరో చూసుకుని ఆయన దగ్గరో, ఆమె దగ్గరో చేరమనండి.