మనీలాలో భవనాలు చూసొచ్చి అమ్మాయి బి.ఆర్క్ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. పోయిన వేసవిలో అమ్మాయిని తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో మూడు రోజులు మనీలాలో ఉన్నాం. అప్పటి నుంచి ఆర్కిటెక్ట్ అవుతానని పట్టుబట్టింది. లోక్సిన్ అంటుంది, మన్యోసా అంటుంది, నాకు నోరు తిరగని పేర్లన్నీ చెబుతుంది. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, మార్కులు బాగానే వస్తాయి. సీఎస్ఈలో ఏఐ బ్రాంచ్ తీసుకోమంటే వినడం లేదు. బొమ్మలు గీసుకునే కోర్సుతో జీవితం గడుస్తుందా? పోనీ, అన్న అక్కడే ఉన్నాడు కదా, ఫిలిప్పీన్స్‌లోనే చేర్పిస్తే ఎలా ఉంటుంది? రెండు కోర్సులూ పోల్చి చెప్పండి. తన నోటుబుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను. (ఒక తండ్రి, ఖమ్మం జిల్లా)

జవాబు:

మీ ఉత్తరం కన్నా ముందు ఆ ఫొటోనే చూశాను. “చూడండి మేడమ్, టైమ్ ఎలా వేస్ట్ చేస్తోందో” అని దాని కింద రాశారు. రూళ్ళ నోటుబుక్కు, బాల్‌పెన్నుతో వేసిన బొమ్మ. మనీలా సముద్రం ఒడ్డునున్న కల్చరల్ సెంటర్‌ను పక్క నుంచి గీసింది. కింద అగ్గిపుల్లంత మనిషి, నెత్తి మీద పెద్ద పెట్టెలాంటి భవనం, ముందు వైపు స్తంభాల్లేవు. పక్కన చిన్న అక్షరాలతో “బరువు ఎక్కడికి పోతోంది?” అని రాసుకుంది. నేరుగా కిందికి ఒక బాణం గుర్తు వేసి కొట్టేసింది. మళ్ళీ వెనక గోడ వైపు ఇంకోటి వేసింది.

అయ్యా, దీన్ని బొమ్మలు గీసుకోవడం అనరు. ఆర్కిటెక్చర్ కావాలంటూ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఫోన్‌లో అందమైన ఇళ్ళ వీడియోలు చూపిస్తారు. బరువు ఎక్కడికి పోతోందని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండో బాణమే సరైన దారిలో ఉందని తనకు చెప్పండి. ఆ రాతి దిమ్మ లోపలికి వంపు తిరిగిన కాంటిలీవర్ల (ఒక చివర మాత్రమే ఆనిక ఉండే దూలాల) మీద మూడు వైపులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మీ ఇంటి కిటికీ మీద సజ్జ ఉంది చూడండి, సూత్రం అదే. కాకపోతే ఆ ఎత్తున, అంత బరువుతో చేయాలంటే గుండె కావాలి.

ఆ భవనం 1969లో తెరిచారు. డిజైన్ చేసింది లియాండ్రో లోక్సిన్. ఈయన కథ మీలాంటి తండ్రులకు చెప్పకూడదు, బీపీ పెరుగుతుంది. మొదట లా వైపు వెళ్ళాడు, వదిలేశాడు. సంగీతం డిగ్రీలో చేరాడు, పియానో బాగా వాయించేవాడు. ఇంకో ఏడాదిలో పట్టా చేతికొస్తుందనగా అదీ వదిలి ఆర్కిటెక్చర్‌కు మారాడు. మన ఇళ్ళల్లో అయితే ఈపాటికి మేనమామలందరూ వచ్చి కూర్చునేవాళ్ళు. సొంత ద్వీపం నీగ్రోస్‌లో వచ్చిన ఒక చర్చి పని, చేయించేవాళ్ళు అమెరికా వెళ్ళిపోవడంతో కాగితం మీదే ఆగిపోయింది. 1955లో యూనివర్సిటీ ఆఫ్ ఫిలిప్పీన్స్ వారి దిలిమాన్ క్యాంపస్‌లో గుండ్రటి చర్చి కట్టే అవకాశం వచ్చింది. నడిమధ్యన వేదిక, చుట్టూ జనం, పైన పల్చటి కాంక్రీటు గుమ్మటం. పక్కలన్నీ తెరిచే ఉంటాయి, గాలి ఆడుతుంది. మీరు దిలిమాన్ వెళ్ళారో లేదో రాయలేదు. వెళ్ళకపోతే అమ్మాయి ఆ ఫొటోలు ఎప్పుడో చూసేసి ఉంటుంది లెండి.

అయితే అమ్మాయికి ఇంకో లెక్క కూడా చెప్పాలి. లోక్సిన్ జీవితంలో 75 ఇళ్ళు, 88 ఇతర భవనాలు చేశాడు. ఆ 88లో 48 వాణిజ్య భవనాలు. మనం ఫొటోలు తీసుకునేది కల్చరల్ సెంటర్‌నీ, బ్రూనై సుల్తాను రాజభవనాన్నీ. నెలనెలా జీతాలిచ్చి ఆఫీసు నడపాలంటే మాత్రం ఇళ్ళ పనులూ ఆఫీసు బిల్డింగులూ వస్తూనే ఉండాలి. ఖమ్మంలోనైనా మనీలాలోనైనా ఈ వృత్తిలో రోజువారీ తిండి అదే.

పెద్ద పేర్ల మీద నాకున్న అనుమానం కూడా చెప్పేస్తాను. లోక్సిన్ గొప్ప పనుల్లో చాలావరకు నియంతగా మారిన అధ్యక్షుడు మార్కోస్ హయాంలో వచ్చినవి. కల్చరల్ సెంటర్ పక్కనే ఉన్న ఆయన ఫోక్ ఆర్ట్స్ థియేటర్‌ను 1974లో మిస్ యూనివర్స్ పోటీల కోసం 77 రోజుల్లో కట్టేశారు. ఆ వేగాన్ని చూసి అబ్బురపడేవాళ్ళున్నారు, నాకు మాత్రం భయమేస్తుంది. అదే ప్రాంగణంలో ఫిల్మ్ సెంటర్ ఉంది, అది లోక్సిన్‌ది కాదు. 1981 నవంబరులో, సినిమా పండగ దగ్గర పడుతోందని రాత్రింబవళ్ళు పని చేయిస్తుంటే పరంజా కూలి, పచ్చి సిమెంటులో కూలీలు చనిపోయారు. అమ్మాయి చెప్పే రెండో ఆర్కిటెక్ట్, ఫ్రాన్సిస్కో మన్యోసా కట్టిన కోకోనట్ ప్యాలెస్ కథ వేరు. కొబ్బరి చెక్క, కొబ్బరి చిప్ప, కొబ్బరి పీచు, అన్నీ వాడి అద్భుతంగా చేశాడు. పోప్ వస్తారని కట్టిస్తే, పేదరికం ఉన్న దేశంలో ఇంత ఆడంబరమా అని ఆయన అందులో దిగనన్నారు. భవనం ఎంత బాగున్నా, ఎవరి డబ్బుతో, ఎవరి తొందర కోసం లేచిందో కూడా అమ్మాయి చదవాలి. పేర్లు బట్టీ పట్టేసింది కాబట్టి ఈ ముక్క కూడా తెలియాలి.

మన్యోసాను నేను తీసిపారేయడం లేదు. నిజానికి అమ్మాయి లోక్సిన్ కన్నా ఆయన్నే ఎక్కువ చూడాలని నా కోరిక. కర్రల మీద నిలబెట్టి, వెదురు బద్దల నేల వేసి, పైన ఆకు కప్పే పల్లెటూరి ఇల్లు ‘బహాయ్ కుబో’ను ఆయన జీవితాంతం వదల్లేదు. మనీలా మెట్రో రైలు పాత లైను స్టేషన్లకు కూడా వాలు కప్పులు పెట్టాడు. మన తాటాకింటి చూరు కింద మధ్యాహ్నం పూట ఎందుకు చల్లగా ఉంటుందో గమనించిన పిల్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 2018లో ఆయన్ను నేషనల్ ఆర్టిస్ట్‌గా (కళాకారులకు ఆ దేశం ఇచ్చే అత్యున్నత గౌరవం) ప్రకటించారు, మరుసటి ఏడాదే పోయారు.

ఇక మీ ‘బొమ్మలు గీసుకునే కోర్సు’ సంగతి. ఈ మాట అమ్మాయి ముందు అన్నారని నాకు అర్థమైంది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. హువాన్ నాక్పిల్ అని, ఫిలిప్పీన్స్‌లో ఆర్కిటెక్చర్‌కు మొట్టమొదటి నేషనల్ ఆర్టిస్ట్, 1973లో. ఆయన సంస్థ ప్లాన్లు గీసిన ఒక భవనం 1966లో పూర్తయింది. 1968 ఆగస్టు భూకంపంలో దాని ముందు స్తంభాలు వంగి, మొత్తం ముందుకు ఒరిగింది. చుట్టుపక్కల చాలా భవనాలు నిలబడే ఉన్నాయి. కేసు ఏళ్ళ తరబడి సాగింది. “భూకంపం దైవాధీనం” అన్న వాదన చెల్లలేదు. ప్లాన్‌లోనూ తప్పుంది, కట్టడంలోనూ తప్పుంది, గీసినవాళ్ళూ కట్టినవాళ్ళూ కలిసి చెల్లించండి అని 1986 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు 50 లక్షల పెసోల పరిహారం వేసింది. నాక్పిల్ అదే ఏడాది మే నెలలో చనిపోయాడు. ప్లాన్ లోపం వల్ల భవనం కూలితే 15 ఏళ్ళ వరకూ ఆర్కిటెక్ట్‌దీ ఇంజినీరుదీ బాధ్యతేనని వాళ్ళ సివిల్ కోడ్‌లోనే ఉంది. గీసిన గీతకు పదిహేనేళ్ళు పూచీ పడే పనిని మీరు బొమ్మలంటారా? సాఫ్ట్‌వేర్‌లో తప్పొస్తే మర్నాడు సరిచేసి పంపొచ్చు.

సీఎస్ఈ మీద నాకు పగేమీ లేదు, నా సొంత తమ్ముడి కొడుకు అందులోనే ఉన్నాడు. కానీ ఇప్పుడు కాలేజీలు బ్రాంచ్ పేరు చివర ఏఐ అనో, డేటా సైన్స్ అనో తగిలించి సీట్లు అమ్ముతున్న తీరు చూస్తే నాకు నమ్మకం కలగడం లేదు. సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి రెండేళ్ళలో తేడా కనిపెడితే నాకూ చెప్పండి. బోధించేవాళ్ళు ఎవరు, ల్యాబ్‌లో ఏముంది అని అడిగిన తండ్రి ఈ ఏడాది నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. అందరి ప్రశ్నా “ప్యాకేజీ ఎంత?” ఇష్టం లేకుండా చేరిన పిల్లలు మూడో సంవత్సరంలో బ్యాక్‌లాగ్‌లతో మళ్ళీ నా ముందుకే వస్తారు. అప్పుడు పక్కన తల్లి ఉంటుంది, తండ్రి బయట కారులో కూర్చుంటాడు.

ఫిలిప్పీన్స్‌లోనే చేర్పించే ఆలోచన మానుకోండి. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇద్దరూ ఒక చోట ఉంటారు, ఖర్చు కలిసొస్తుంది, ధైర్యంగా ఉంటుంది. కానీ అక్కడ అయిదేళ్ళ డిగ్రీ తర్వాత లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ దగ్గర రెండేళ్ళు పని చేయాలి, ఆ తర్వాత ప్రభుత్వ పరీక్ష. 2004లో వచ్చిన వాళ్ళ ఆర్కిటెక్చర్ చట్టం ప్రకారం, తమవాళ్ళకు అదే అవకాశం ఇచ్చే దేశాల వాళ్ళనే ఆ పరీక్షకు రానిస్తారు. ఇక్కడికి తిరిగొస్తే ఆ డిగ్రీని మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తిస్తేనే రిజిస్ట్రేషన్. విదేశీ మెడిసిన్ నిబంధనలు 2021లో మారినప్పుడు ఫిలిప్పీన్స్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడ్డారో మీకు వేరే చెప్పాలా? ఒక ఇంట్లో ఒకసారి చాలు. విజయవాడలో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. భవనాలు చూడ్డానికి మనీలా ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు.

పోల్చి చెప్పమన్నారు. ఒకటి నాలుగేళ్ళు, ఒకటి అయిదేళ్ళు. చదువు అయ్యాక మొదటి నాలుగైదేళ్ళు సీఎస్ఈ చదివిన స్నేహితురాలి జీతం మీ అమ్మాయి జీతం కన్నా ఎక్కువే ఉంటుంది. పెళ్ళిళ్ళలో బంధువులు అదే అడుగుతారు, మీరు మొహం దించుకోకుండా ఉండగలరా అన్నదే అసలు ప్రశ్న. మీ ఉత్తరంలో పైకి రాయని భయం కూడా ఇదే అనుకుంటున్నాను: పెద్దవాడి మీద ఇప్పటికే పెట్టాం, ఇంకా చేతికి అందలేదు, రెండోదీ ఆలస్యమైతే ఎలా అని. ఆ భయంలో తప్పేమీ లేదు. దాన్ని అమ్మాయి బొమ్మల మీదికి నెట్టకండి, అంతే. ఇంట్లో కూర్చోబెట్టి అప్పు ఎంతుందో, అయిదేళ్ళకు ఎంత పెట్టగలరో అంకెలతో చెప్పండి. పదిహేడేళ్ళ పిల్లకు అంకెలు అర్థమవుతాయి.

పాబ్లో ఆంటోనియో అని వాళ్ళ ఇంకో నేషనల్ ఆర్టిస్ట్ ఉన్నాడు. మనీలాలో ఫార్ ఈస్టర్న్ యూనివర్సిటీ భవనాలు ఆయనవే. పన్నెండేళ్ళు వచ్చేసరికి తల్లీ తండ్రీ లేరు. పగలు పని, రాత్రి హైస్కూలు. చేరిన ఆర్కిటెక్చర్ కోర్సు మధ్యలో ఆగిపోయింది. ఒక ఇంజినీరు గుర్తించి డబ్బు పెట్టి లండన్ పంపిస్తే అయిదేళ్ళ కోర్సు మూడేళ్ళలో ముగించాడు. ఎవరో ఒకరు ఫీజు కట్టాలండీ. మీ ఇంట్లో ఆ ఎవరో ఒకరు మీరే.

సరే, ఇప్పుడు చేయాల్సింది. పరీక్షల సంగతి అమ్మాయికి మనకన్నా బాగా తెలుసు, వదిలేయండి. మీ వీధిలోనో పక్క వీధిలోనో స్లాబు వేసే ఇల్లు ఉండే ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ కాలంలో కట్టుబడి చేయించేవాణ్ణి ‘మాయెస్త్రో దె ఓబ్రాస్’ అనేవారు. మన మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, రెండూ అన్నదమ్ముల మాటలే. ఆ మేస్త్రీని అడిగి, స్లాబు రోజు తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా అమ్మాయిని అక్కడ ఉండనివ్వండి. సెంట్రింగ్ చెక్కలు, చువ్వలు కట్టే తీగ, మిల్లరు మోత, మధ్యలో వానొస్తుందేమోనని అందరూ ఆకాశం వైపు చూడటం, అన్నీ చూడాలి. మీరూ ఒక గంట నిలబడండి. ఇల్లు చేరాక దుమ్మూ అలసటా చూసి “ఇది నా వల్ల కాదు” అంటే సీఎస్ఈ ఫారం నింపండి, ఎవరికీ నష్టం లేదు. ఆ రాత్రి మళ్ళీ నోటుబుక్కు తెరిచిందనుకోండి, ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. ఈసారి కింద ఏమీ రాయకండి.