సమాధానం: ఇంట్లోనూ ఆఫీసులోనూ యూజ్‌నెట్
గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్ (విషయాలవారీ చర్చా బృందాలుండే పాత ఇంటర్నెట్ వ్యవస్థ) పాత సందేశాలు కనిపిస్తున్నా జవాబు పంపడం కుదరడం లేదని, ఇంట్లో చదివినవే ఆఫీసు కంప్యూటర్‌లో మళ్లీ చదవనివిగా కనిపిస్తున్నాయని మీరు రాశారు. 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌కు కొత్త సందేశాలు పంపే వీలును గూగుల్ తీసివేసింది కనుక, ఎటర్నల్ సెప్టెంబర్ వంటి ఉచిత సర్వర్‌లో పేరు నమోదు చేసుకుని, దానిని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో న్యూస్‌గ్రూప్ ఖాతాగా చేర్చి, 563 పోర్టును టీఎల్ఎస్‌తో (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా పంపే పద్ధతి) ఎంచుకోండి. రెండో చిక్కుకు మూలం వేరు: ఏది చదివామన్న లెక్క సర్వర్ దగ్గర కాక మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందువల్ల ఎప్పుడూ నడుస్తుండే ఒకే యంత్రంలో ఎస్ఎల్ఆర్ఎన్ (slrn) వంటి, అక్షరాల తెరపై నడిచే న్యూస్‌గ్రూప్ రీడర్‌ను పెట్టుకుని, ఎక్కడినుంచైనా ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌ను సురక్షితంగా వాడుకునే పద్ధతి) ద్వారా అందులోకి ప్రవేశించడమే, పాతకాలపు పద్ధతిగా అనిపించినా, నాకు మేలనిపించే మార్గం. పంపేవారి గడిలో మాత్రం మీ అసలు ఈమెయిల్ చిరునామా ఉంచకండి; స్పామ్ పంపేవారు ఇలాంటి చోట్లనుంచే చిరునామాలు ఏరుకుంటారు.