చిత్త నక్షత్రం కింద ఆవిరి మచ్చ

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది పర్లాకిమిడి. వైశాఖ అమావాస్య రాత్రి మేడ ఎక్కి, అన్నయ్య కొనిచ్చిన బైనాక్యులర్‌తో మెసియర్ 83 గెలాక్సీ కోసం గంటసేపు వెతికాను. చివరికి అద్దం మీద ఊపిరి తగిలితే పట్టే ఆవిరిలాంటి మచ్చ ఒకటి కనిపించింది. ఫొటోల్లో నడుమ వెలుగుపట్టీ, దాని చుట్టూ సుడి తిరిగిన, గులాబీ చుక్కలున్న చేతులు ఉంటాయి కదా. నేను చూసింది అదేనా?

జవాబు: మీ ఆవిరి మాట చదివాక నాకు నమ్మకం కుదిరిందమ్మా. గుణుపురంలో లెక్కలు చెప్పే రోజుల్లో వేసవి రాత్రులు వంశధార ఇసుకలో చాప పరుచుకుని ఆకాశం చూసేవాడిని. మొదటిసారి ఆ మచ్చ కనబడితే కంటి తడి అనుకుని కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాను. తుడిచాక కూడా అది అక్కడే ఉంది.

ఎందుకైనా మంచిది, మరోసారి సరిచూసుకోండి. మే చివర్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దక్షిణానికి తిరిగితే ఎత్తున తెల్లగా మెరిసేది చిత్త. దానికి కుడివైపు నాలుగు చుక్కల వంకర గడి హస్త. చేయి చాచి పిడికిలి పడితే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చిత్త నుంచి పిడికిలికి కాస్త ఎక్కువగా కిందికి దిగితే ఒక మోస్తరు నక్షత్రం తగులుతుంది. అక్కడి నుంచి ముప్పాతిక పిడికిలి కిందికి, కొద్దిగా ఎడమకు జరగండి. మీ మచ్చ అక్కడే ఉంటే, మీ కంటికి చేరిన వెలుగు సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం బయలుదేరినది.

పరికరం చిన్నదని దిగులు వద్దు. 1752లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు దక్షిణాఫ్రికా కొసన దీన్ని మొదట గుర్తించినప్పుడు ఆయన దుర్భిణి అద్దం అర అంగుళమే. మీ బైనాక్యులర్ అద్దాలు అంతకంటే పెద్దవే. తన జాబితాలో దీన్ని 83వదిగా చేర్చిన ఖగోళజ్ఞుడు మెసియర్ పారిస్ నుంచి చూశాడు, ఆయనకు ఇది దిగంతానికి దగ్గరగా ఉండి చాలా కష్టం మీద దొరికింది. మీ ఊళ్లో అయితే 41 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

రంగుల సంగతి. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు. కెమెరా గంటల తరబడి వెలుగును పోగుచేసుకుంటుంది. ఆ గులాబీ చుక్కలు కొత్త నక్షత్రాలు పుడుతున్న చోట వెలిగే హైడ్రోజన్ మేఘాలు. నడుమ పట్టీ కర్రలా గట్టిగా ఉండేది కాదు. కోలగా సాగిన దారుల్లో తిరిగే నక్షత్రాలు గుమిగూడితే అలా కనిపిస్తుంది. చేతుల్లోని వాయువు ఈ పట్టీ వెంట కేంద్రానికి జారుతుంది, అక్కడా నక్షత్రాలు పుడతాయి. మన పాలపుంతకూ ఇలాంటి పట్టీ ఉంది. మనం లోపల కూర్చున్నాం కాబట్టి దాని ఆకారం కంటికి తెలియదు. అదే రాత్రి పన్నెండు దాటాక ఆగ్నేయాన ధనుస్సు వైపు చూస్తే, మీరు చూస్తున్నది దాని దిక్కునే. నాకు ఈ రెండింటినీ ఒకే రాత్రి చూడటమంటే ఎంతో ఇష్టం.

మీ మేడకు దక్షిణాన పాతపట్నం దీపాల వెలుగు అడ్డం వస్తుంది. అన్నయ్యను తోడు తీసుకుని ఊరు దాటి చీకటి చోటుకు వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఫోను ముట్టుకోకండి. మచ్చను సూటిగా కాక దాని పక్కకు చూడండి, ఇంకాస్త విచ్చుకుంటుంది. జ్యేష్ఠం ముదిరితే మబ్బులు పట్టేస్తాయి, ఆలస్యం చేయకండి.