స్టాప్‌వాచ్ నెల రోజులు పక్కన పెట్టండి

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా 400 మీటర్లు పరుగెత్తుతోంది. మొన్న జిల్లా పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. బండి మీద ఇంటికి వస్తూ చివరి వంద మీటర్లలో ఎందుకు తగ్గావని అడిగితే ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పటి నుంచి పొద్దున లేపితే కడుపునొప్పి అంటోంది. మన కల్లెడ ఊరి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే 400 మీటర్లలో పతకం తేలేదా? మా పాపకు పట్టుదల ఎందుకు లేదు? స్పోర్ట్స్ కోటా కోసమైనా కొనసాగించాలా, మాన్పించి చదువు మీద పెట్టాలా?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఆ కడుపునొప్పిని డాక్టర్‌కు చూపించండి. పదమూడేళ్ల పిల్ల. నెలసరి కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, ఖాళీ కడుపుతో పరుగెత్తడం కావచ్చు. సాకు అని మాత్రం తేల్చేయకండి.

డాక్టర్ ఏమీ లేదంటే, నా అనుమానం ఆ బండి ప్రయాణం మీదే. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది రేసు గురించి హుషారుగానే చెబుతారు. ఇంటికి వెళ్లే దారి దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంటారు. ముందు కూర్చున్న నాన్న ముఖం కనిపించదు, ప్రశ్నలు మాత్రం వినిపిస్తుంటాయి. మీరు ప్రేమతోనే అడిగారు, నాకు తెలుసు. ఆమెకు మాత్రం నాలుగో స్థానం ఒక తప్పులా వినిపించింది.

అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆటలో ఆనందం దేనివల్ల వస్తుందని ఫుట్‌బాల్ ఆడే పిల్లలను, వాళ్ల కోచ్‌లను, తల్లిదండ్రులను అడిగారు. 81 కారణాలు వచ్చాయి. పిల్లల లెక్కలో గెలవడం 48వది. కష్టపడి ఆడటం, కోచ్ మంచిగా చెప్పడం లాంటివి దానికి చాలా పైన ఉన్నాయి. ఆనందం పోయిన పిల్ల ప్రాక్టీస్‌కు వచ్చినా ఒళ్లు వంచదు. మీరు పట్టుదల లేదంటున్నది దీన్నే.

దీప్తి పేరు తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. 2024 పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచేనాటికి ఆమెకు 20 ఏళ్లు. మీ పాపకు ఇంకా ఏడేళ్ల టైముంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదలుపెట్టింది పరుగుతోనే. తర్వాత బాక్సింగ్‌కు మారి 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. మీ పాప కూడా రేపు ఖోఖో ఆడతానంటే ఆడనివ్వండి. రెండేళ్ల కష్టం ఎక్కడికీ పోదు, కాళ్లలోనే ఉంటుంది.

కోటా సంగతి: మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో అది 2 శాతమే. పనికొచ్చేవి పెద్ద స్థాయి పోటీల సర్టిఫికెట్లు. ఎనిమిదో తరగతి పిల్ల మీద ఆ లెక్క మోపకండి. ఆట మీద ఇష్టం మిగిలితే బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు), ఫిజియోథెరపీ, కోచింగ్ లాంటి దారులు తర్వాత ఉండనే ఉన్నాయి.

మాన్పించకండి, బలవంతమూ చేయకండి. ఈ నెల రోజులు స్టేడియంలో స్టాప్‌వాచ్ తీయకండి. వారానికి కనీసం ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వమని కోచ్‌తో మాట్లాడండి. పిల్లల డాక్టర్లు కూడా అదే చెబుతారు. ఆదివారం ఆమె స్నేహితురాళ్లను కూడా పిలిచి భద్రకాళి బండ్‌కు తీసుకెళ్లండి. పరుగెత్తుతారో, కబుర్లు చెప్పుకుంటారో వాళ్ల ఇష్టం. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఒక్కటే అడగండి: "టిఫిన్ ఏం తిందాం బిడ్డా?"

నెల తర్వాత ఆమె తనంతట తానే పరుగుకు షూస్ బయటికి తీసిందో లేదో నాకు రాయండి. తీయకపోతే ముగ్గురూ కలిసి ఒకసారి రండి, పాప మాట విందాం.