‘లఘు సమూహ బోధన’ అనవచ్చా?

సందేహం: అయ్యా, నేను వైద్య కళాశాలలో పాఠాలు చెబుతాను. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మారాక స్మాల్ గ్రూప్ టీచింగ్‌కు ప్రాధాన్యం పెరిగింది. దీన్ని ‘లఘు సమూహ బోధన’ అని రాశాను. సరైనదేనా? గోష్ఠి, సదస్సు అనవచ్చా?

సమాధానం: తప్పనను గానీ, నాకు నచ్చలేదు. లఘుత్వం దేనికి? సమూహం చిన్నదా, బోధనే తేలికపాటిదా? ఇంగ్లీషు మాటకు మాట పేర్చి సమాసం కట్టేస్తే ఇలాంటి చిక్కులే వస్తాయి. మనకు గోష్ఠి ఉండగా ఈ అవస్థ ఎందుకు?

గోవులు నిలిచే చోటు గోష్ఠం. గో శబ్దం తర్వాత ‘స్థ’లోని సకారం షకారం అవుతుందని చెప్పడానికి పాణిని సూత్రమే చేశాడు. మరాఠీలో పశువుల కొట్టాన్ని ఇప్పటికీ గోఠా అంటారు. మనుషులు చేరి మాట్లాడుకునే కూటమికి గోష్ఠి అన్న పేరు ఆ కొట్టం నుంచి వచ్చిందే. పగలంతా మేసిన పశువు కొట్టంలో చేరి తీరిగ్గా నెమరు వేస్తుంది. తరగతిలో విన్నదాన్ని నలుగురూ కూర్చుని నెమరు వేసుకోవడానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు. ఈ పోలిక నాదే, నిఘంటువులది కాదు.

దయచేసి ‘గోష్టి’ అని మాత్రం రాయకండి. పత్రికలు, ఫ్లెక్సీలు ఆ ఠకారాన్ని మింగేస్తున్నాయి. ‘స్థ’లోని థకారమే అక్కడ ఠకారమైంది. దాన్ని తీసేస్తే గోవు మిగులుతుంది, నిలిచే చోటు పోతుంది.

ఎందరుంటే గోష్ఠి? తలలు లెక్కపెట్టి చెప్పలేం. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడి దగ్గరికి ఆరుగురు వస్తారు. ఏడాది ఉండండి, ఆ తర్వాత మీకు తోచింది అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడాయన. ఆరుగురూ తలా ఒక ప్రశ్న అడుగుతారు. ఆరుగురినే కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం దంచితే అది చిన్న తరగతే గానీ గోష్ఠి కాదు.

సదస్సు అంటే ఇవాళ వేదిక, మైకు, శాలువా. సెమినార్‌కు లాటిన్ మూలంలో అర్థం నారుమడి, చక్కని మాట. ట్యుటోరియల్ ఆక్స్‌ఫర్డ్‌లో గురువు ఎదుట ఒకరిద్దరు కూర్చుని చదువుకునే పద్ధతి. మన ఊళ్ళలో తప్పిన సబ్జెక్టులు గట్టెక్కించే కాలేజీ.

కాబట్టి రాతలో ‘గోష్ఠీబోధన’ అనండి. అయితే అమరకోశం గోష్ఠిని సభ, పరిషత్తుల వరుసలోనే చెప్పింది, అందుకే పెద్ద సభను గోష్ఠి అన్నవారినీ నేను కాదనలేను. మీ విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ‘చిన్న గ్రూపుల్లో పాఠం’ అంటే చాలు. గ్రూపు ఎప్పుడో మన మాటైపోయింది.