బీఫార్మసీ తర్వాత మందుల మోడలింగ్: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. ఇంటర్‌లో బైపీసీ. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో కంప్యూటర్ మోడళ్లతో లెక్కగట్టే రంగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) నేర్పించి త్వరగా ఉద్యోగంలో చేర్పించమంటున్నారు. ఏం చేయాలి? – ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: అయ్యా, మీ అమ్మాయి చెబుతున్న రంగం నిజంగానే ఉంది. అయితే మెడికల్ కోడింగ్‌లా కొన్ని నెలల శిక్షణతో అందులో చేరలేరు. పీజీ తప్పదు, చాలా ఉద్యోగాలకు పీహెచ్‌డీ కూడా అడుగుతారు.

ఆ పని ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. స్క్విడ్ అనే సముద్రజీవి నాడిలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు అవకలన సమీకరణాలుగా (ఒక రాశి కాలంతో ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలుగా) రాశారు. మందుల తయారీతో దానికి అప్పట్లో ఏ సంబంధమూ లేదు. 1960లో డెనిస్ నోబుల్ అనే శాస్త్రవేత్త అదే పద్ధతిని గుండె కణానికి అన్వయించారు. 1990లలో టెర్ఫెనడీన్ అనే అలర్జీ మందు, ముఖ్యంగా కొన్ని ఇతర మందులతో కలిపి వాడినప్పుడు, గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీస్తోందని తేలి అమెరికాలో అమ్మకం ఆగిపోయింది. గుండె కణంలోని హెర్గ్ అనే పొటాషియం ఛానెల్‌ను (కణం నుంచి పొటాషియం అయాన్లు బయటికి వెళ్లే దారిని) ఆ మందు మూసివేయడమే అందుకు కారణం. ఆ తర్వాత హెర్గ్‌ను అడ్డుకునే ప్రతి పదార్థాన్నీ అనుమానించడం మొదలైంది. కానీ వెరపమిల్ అనే గుండె మందు ఆ ఛానెల్‌ను అడ్డుకున్నా, కాల్షియం ఛానెల్‌నూ అడ్డుకుంటుంది కనుక అంతటి ముప్పు తేదు. ఒక్క ఛానెల్ కొలతతో తీర్పు చెప్పలేమని గ్రహించాక, వివిధ ఛానెళ్లపై మందు ప్రభావాన్ని కొలిచి, ఆ కొలతలను 2011 నాటి ఒహారా-రూడీ మానవ గుండె కణ మోడల్‌లో పెట్టి ముప్పును అంచనా వేసే సీపా అనే ప్రయత్నం 2013లో ఆరంభమైంది. విశ్వవిద్యాలయంలో పుట్టిన జీవశాస్త్రం మందుల కంపెనీ నిర్ణయం దాకా చేరేది ఇలాంటి లెక్కల ద్వారానే.

బైపీసీ వారికి గణితం రాదన్న బెంగ అక్కర్లేదు. మొదటి సెమిస్టరులో మీ అమ్మాయి చదివిన రెమెడియల్ మ్యాథమెటిక్స్‌లో అవకలన సమీకరణాలు, వాటిని ఫార్మకోకైనెటిక్స్‌లో (ఒంట్లో మందు చేరి, మారి, బయటికి పోయే తీరును లెక్కగట్టే శాస్త్రంలో) వాడే తీరు ఉన్నాయి. పరీక్ష అవగానే పక్కన పడేసే ఆ పుస్తకాన్ని మళ్లీ తీయమనండి. పారాసెటమాల్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. ఆరు గంటలకొకసారి 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే మూడు రోజుల్లో రక్తంలో దాని స్థాయి ఎలా పెరిగి తగ్గుతుందో, కాలేయం దెబ్బతిన్నవారిలో ఆ గీత ఎలా మారుతుందో ఉచితంగా దొరికే ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో తానే గీయనివ్వండి. ఆ పనిలో పూట తెలియకుండా గడిచిపోతే అమ్మాయి కోరిక నిజమైనదే. చిరాకు పుడితే ఇప్పుడే తెలిసిపోవడం మేలు.

ఆసక్తి నిలిస్తే ఫార్మసీ పీజీ కోసం రాసే జీప్యాట్ పరీక్ష రాయించండి. హైదరాబాద్ బాలానగర్‌లో నైపర్ అనే జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ ఉంది. మొహాలీ నైపర్‌లో ఫార్మకోఇన్ఫర్మాటిక్స్ (మందుల పరిశోధనలో కంప్యూటర్ల వాడకం) పీజీ కోర్సే ఉంది. ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లక తప్పదు. మూడు నెలల సర్టిఫికెట్‌తో ఈ రంగంలో ఉద్యోగం ఖాయమనే ప్రకటనలకు మాత్రం డబ్బు కట్టకండి. ఇంటి అవసరం వల్ల అమ్మాయి వెంటనే సంపాదించాల్సి ఉంటే, కోడింగ్ ఉద్యోగం చేస్తూనే జీప్యాట్‌కు చదవవచ్చు, కాకపోతే ఆ ఏడాది బాగా శ్రమపడాలి.