పలాస జీడిపప్పు అమ్మకాలకి ఏ ఈమెయిల్ ప్లాట్‌ఫామ్ మంచిది?

పలాసలో మీకు జీడిపప్పు ప్యాకింగ్ యూనిట్ ఉందని, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ల ఈమెయిళ్లు రెండు వేల దాకా పోగయ్యాయని, ఒకేసారి అందరికీ మెయిళ్లు పంపడానికి మెయిల్‌చింప్ తీసుకోవాలా, ఇంకేదైనానా అని అడిగారు. మాది శ్రీకాకుళంలో పొందూరు ఖద్దరు అమ్మే చిన్న కొట్టు. ఊళ్లోవాళ్లకి వాట్సాప్ చాలు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మనవాళ్లకి మాత్రం మెయిలే పంపుతాం.

ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టి, బిల్లు దేని మీద వేస్తారో ముందు చూడండి. మెయిల్‌చింప్ లిస్టులో ఉన్న మనుషుల్ని లెక్కేస్తుంది. మీ మెయిళ్లు వద్దని అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు కూడా, మీరు ఆర్కైవ్ చేసేదాకా (లిస్టులోంచి పక్కకి తీసేదాకా), ఆ లెక్కలోనే ఉంటారు. మీరు పంపేది కొత్త పంట దిగినప్పుడు, దీపావళికి, సంక్రాంతికి. మిగతా నెలల్లో ఊరికే ఉన్న లిస్టుకి అద్దె కట్టడం దేనికి? పంపిన మెయిళ్లని బట్టి డబ్బు తీసుకునేది మీకు నయం. బ్రెవో (2023 దాకా సెండిన్‌బ్లూ అనేవారు) అలాంటిదే. ఉచిత ప్లాన్‌లో రోజుకి 300 మెయిళ్లు. రెండు వేల మందికి చేరాలంటే వారం పడుతుంది. కొత్త పంట కబురైతే పరవాలేదు గానీ, దీపావళి ఆఫర్ ఆఖరి మూడొందల మందికి చేరేసరికి పండగ అయిపోతుంది. ఆ నెలకి డబ్బు కట్టడమే మేలు.

మేం మాత్రం జోహో క్యాంపెయిన్స్‌లో ఉన్నాం. చెన్నై కంపెనీ, రూపాయల్లో జీఎస్టీ బిల్లు ఇస్తారు. అంతకుముందు వాడిన ఒక విదేశీ ప్లాట్‌ఫామ్‌కి కార్డు మీద ప్రతి నెలా ఆటోమేటిక్‌గా వెళ్లాల్సిన డబ్బు, 2021లో ఆర్‌బీఐ కొత్త నిబంధనలు వచ్చాక, ఆగిపోతూ ఉండేది. సరిగ్గా పండగ ముందు అకౌంట్ నిలిచిపోతే ఎంత టెన్షనో! పైగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు విదేశీ బిల్లు మీద రివర్స్ ఛార్జ్ కింద పన్ను తామే కట్టాలి. మీ ఆడిటర్ గారిని ఓ మాట అడగండి.

ఏది తీసుకున్నా జీమెయిల్ అడ్రస్ నుంచి పంపకండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ గట్టిగా చూస్తున్నాయి. సొంత డొమైన్ (మీ వెబ్‌సైట్ పేరు) ఉండాలి, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టాలి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులివి. జీమెయిల్‌కి రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి డీమార్క్, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు తప్పనిసరి. మీరు అంత పంపకపోయినా పెట్టేయండి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మందిలో ముగ్గురు. ‘హైదరాబాద్ డేటాబేస్’ అని ఎవరైనా అడ్రస్‌లు అమ్మజూపితే కొనకండి, ఆ ముగ్గురు మొదటి రోజే దొరుకుతారు.

తెలుగులో రాస్తారు కాబట్టి ఇంకో సంగతి. మెయిల్ కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగాన్ని కోసేస్తుంది, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ దాని కిందే ఉండిపోతుంది. అది కనపడనివాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు. తెలుగులో ఒక్కో అక్షర గుర్తుకి మూడు బైట్లు, ‘జీడిపప్పు’ అన్న ఒక్క మాటకే 27. రాత ఒక్కదానితోనే నిండిపోదు లెండి, రెడీమేడ్ టెంప్లేట్లే సగం తినేస్తాయి. ఉచిత అకౌంట్ తెరిచి, తెలుగు మెయిల్ ఒకటి మీకే పంపుకుని ఫోన్‌లో చూడండి. తేలిక టెంప్లేట్ ఉన్నదే తీసుకోండి.

ఎంతమంది తెరిచారన్న లెక్కకి మురిసిపోవద్దు. 2021 నుంచి ఆపిల్ మెయిల్ ఆ అంకెని నమ్మడానికి లేకుండా చేసింది. మేం జవాబులు, ఆర్డర్లు చూస్తాం. వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న ఫోటో పెట్టి నాలుగు ముక్కలు రాసిన మెయిల్‌కి వచ్చినన్ని జవాబులు ఏ డిస్కౌంటుకీ రాలేదు. మీరూ గింజ కాల్చి, కొట్టి, పొట్టు తీసే పని చూపించండి. గుండుపప్పు కొనే ఇళ్లనీ, బద్దలు కొనే మిఠాయి కొట్లనీ వేరు లిస్టులుగా పెట్టుకోండి. ఈ సదుపాయం దాదాపు అన్నింట్లో ఉంది.

డొమైన్ మీ పేరు మీదే ఉందో లేదో ఇవాళే చూసుకోండి. వెబ్‌సైట్ కట్టిన కుర్రాడి పేరు మీద ఉంటే, ఆ రికార్డులు పెట్టించుకోవడానికి అతని చుట్టూ తిరగాల్సి వస్తుంది.